పోయిందన్న జ్ఞానతల్లి

వారం రోజులు ఏ పనీ పెట్టుకోకుండా సముద్రంలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చోవాలనే ఎవాంథియా ఈసారి కూడా మా కీమొలోస్ దీవికి వచ్చింది. ఏటా వస్తుంది. పిరేయస్‌లో మందుల షాపు నడిపి, ఈమధ్యే దాన్ని వదిలించుకుని, పెళ్ళీ పెటాకులూ లేకుండా అరవై దాటిన మనిషి. దిగేది రేవు పక్కన కాల్లిరోయి ఇంట్లో, మేడమీది గదిలో. ఇద్దరిదీ ఒకటే ఈడు. స్నేహం కాల్లిరోయి కొడుకు స్టమాటిస్ పాలు తాగే నాటిది. వాడికి జ్ఞానస్నానం చేయించి, ఒళ్ళంతా ఆలివ్ నూనె రాసి, చర్చిలో వాడి పేరు పలికిన నొనా, అంటే జ్ఞానతల్లి, ఎవాంథియాయే. అప్పట్నించీ ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు కుంబారాలు. ఈ ఏడు తోడుగా తమ్ముడి కూతురు దనాయిని తెచ్చుకుంది. నిశ్చితార్థం చెడిపోయి ముఖం వేలాడేసుకున్న పిల్ల, నాలుగు రోజులు ఉప్పునీళ్ళలో మునిగితే తేరుకుంటుందనుకుంది. పిల్ల తేరుకుంది. కాస్త ఎక్కువే తేరుకుంది. సెలవులకొచ్చిన వాళ్ళని చిన్న చిన్న తీరాలకి తిప్పే స్టమాటిస్ పడవలో రోజూ తిరిగి తిరిగి, వారం తిరక్కుండానే వాడూ తనూ పెళ్ళి చేసుకుంటామన్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. బాగోలేనిది ఒక్కటే. ఒకే చేత్తో నూనె రాయించుకున్న మగపిల్లాడూ ఆడపిల్లా మా దృష్టిలో అన్నాచెల్లెళ్ళు, వాళ్ళకి పెళ్ళి పనికిరాదు. అందుకే మగపిల్లాడికి నూనె రాసిన చెయ్యి మళ్ళీ ఆడపిల్లకి రాయదు. ఆ మాట స్టమాటిస్ జ్ఞానస్నానం నాడు ఎవాంథియా ఊరందరి ముందూ కాల్లిరోయికి ఇచ్చింది. తర్వాత కొన్నేళ్ళకి తమ్ముడికి పిల్ల పుట్టింది. జ్ఞానస్నానం చేయించాల్సినావిడ తీరా రాలేనని కబురు పెట్టింది. తమ్ముడు బతిమాలాడు, ఎవాంథియా పిల్లని ఎత్తుకుంది. పిరేయస్ ఎక్కడ, కీమొలోస్ ఎక్కడ అనుకుంది. ఇక్కడ ఒక్కరి చెవినా వెయ్యలేదు.

పెళ్ళి మాట తెలిసిన రోజునే చెప్పేసి ఉంటే సరిపోయేది. కానీ హాయిగా గడుస్తున్న వారాన్ని చేతులారా పాడుచేసుకోవడం ఇష్టం లేక రేపు, రేపు అని దాటేసింది. చివరికి గురువారం సాయంత్రం కాల్లిరోయే వంటింట్లో నిలదీసినంత పని చేసింది. నిలదీద్దామని కాదు పాపం, మర్యాద కోసం. పెళ్ళికి మొట్టమొదట పిలవాల్సింది పిల్లకి నూనె రాసిన నొనాని కదా, ఆవిడ నంబరిస్తే తనే ఫోన్ చేసి పిలుస్తానంది. ఎవాంథియాకి ఏం చెప్పాలో తోచక, "ఆవిడ పోయిందే" అనేసింది. పోయిన వారం మనం ఆ మాట దగ్గరే ఆగాం.

శుక్రవారం పొద్దున ఎవాంథియా ఎప్పటిలాగే ఈతకి వెళ్ళింది. అబద్ధమాడి ఒక రాత్రి గడిచింది, ఆకాశం విరిగి మీదేం పడలేదు. గాలి లేదు, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. వెల్లకిలా తేలుతూ, రేపు మధ్యాహ్నం పడవ ఎక్కేస్తే మిగతాది ఫోన్లోనే ఎలాగోలా సర్దుకోవచ్చని తనకి తనే చెప్పుకుంది. తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి వచ్చేసరికి వంటింటి గుమ్మంలోనే ఉడికిన గోధుమల వాసన కొట్టింది.

కాల్లిరోయి బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి గోధుమలు ఆరబెడుతోంది. పక్కన దానిమ్మ గింజలు, ఎండుద్రాక్ష, పొట్టు తీసిన బాదంపప్పు. మా దగ్గర ఎవరింట్లోనైనా గోధుమలు ఇలా ఉడికాయంటే ఎవరో పోయారని. అన్నీ కలిపి పళ్ళెంలో పోసి, పైన చక్కెరపొడి మందంగా పరిచి చర్చికి తీసుకెళ్తాం. ఫాదర్‌గారు పోయినవాళ్ళ పేరు చదివాక అందరికీ తలా గుప్పెడు పంచుతాం. దాన్ని కోలివా అంటాం.

ఎవరు పోయారని అడిగింది ఎవాంథియా. నిజంగానే ఆ క్షణానికి ఆవిడకి తట్టలేదు.

"ఎవరేంటే, మీ దనాయి వాళ్ళ నొనా," అంది కాల్లిరోయి, చెయ్యి ఆపకుండానే. "నిన్న నువ్వు చెప్పినప్పట్నించీ నా మనసు మనసులో లేదు. మనింటికి వచ్చే పిల్ల. దానికి తల్లి తర్వాత తల్లి. ఆవిణ్ణి తలుచుకోకుండా పెళ్ళి మాట ఎలా ఎత్తుతాం? రేపు శనివారం, పోయినవాళ్ళ రోజు. సిదెరిస్ ఫాదర్‌గారికి కూడా చెప్పొచ్చాను."

"ఏ పేరు చెప్పావు?"

"పిల్లనే అడిగాను. ఎవాంథియా అంది. అచ్చం నీ పేరే. వినగానే నాకు ఒళ్ళు జలదరించిందనుకో. నువ్వు మాత్రం నూరేళ్ళుండాలని అక్కడికక్కడే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను."

ఆ మాటంటూ కాల్లిరోయి తడి చేత్తోనే స్నేహితురాలి బుగ్గ తడిమింది. బుగ్గ మీద ఒక గోధుమ గింజ అంటుకుంటే తనే తీసేసి నవ్వింది. ఎవాంథియాకి నవ్వు రాలేదు. తడి బట్టలు మార్చుకుని వస్తానని మేడ మెట్ల వైపు వెళ్ళి, మెట్లెక్కకుండా అటు నుంచి అటే రేవుకి నడిచింది.

మా రేవులో పడవలకి కొండ తొలిచిన గదులున్నాయి, ఒక్కో గదికి ఒక్కో రంగు తలుపు. నీలం తలుపు గదిలో స్టమాటిస్ పడవ అడుగున పట్టిన నాచు గీకుతున్నాడు. దనాయి గుమ్మంలో కూర్చుని ఎండ తగలకుండా పడవ మీద కట్టే గుడ్డలు మడతపెడుతోంది. మేనత్తని చూసి లేవలేదు.

"నేను అబద్ధమేం ఆడలేదత్తా," అంది. "మా నొనా పేరేంటని అడిగింది, చెప్పాను. పోయిందట కదా, ఎంత కష్టం అని నన్ను పట్టుకుని ఓదార్చింది. అది కూడా నిలబడి విన్నాను."

ఎవాంథియా పక్కన కూర్చోబోయింది. దనాయి మడతపెట్టిన గుడ్డలు ఆ ఖాళీలోకి జరిపింది.

"ప్రతి ఈస్టర్‌కీ నా కొవ్వొత్తి నువ్వే తెచ్చావు. రిబ్బన్లు కట్టి, బొమ్మలు కట్టి. నాకు పాతికేళ్ళొచ్చినా మానలేదు. అలాంటిది, నన్ను నీ పిల్లగా చెప్పుకోవడం కంటే నువ్వే చచ్చిపోయావని చెప్పుకోవడం తేలికైందా నీకు?"

అంతటి మాటకారి ఎవాంథియా, మందుల షాపులో ఎలాంటి గయ్యాళినైనా నవ్వించి పంపిన మనిషి, తువ్వాలు అంచు మెలిపెడుతూ చెప్పులకేసి చూస్తూ నిలబడింది.

స్టమాటిస్ లోపల్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వాడికి కోపం రావడం తక్కువ. తమకి ఈ సంగతి మొదట్లోనే తెలిసిపోయిందని మెల్లగా చెప్పాడు. దనాయి పడవలో మాటల్లో మాటగా, నీకూ నాకూ నొనా ఒకరే, ఎంత బాగుందో అని నవ్విందట. ఆ అమ్మాయికి మన పట్టింపులేం తెలుసు? వాడికే గుండె జారిపోయింది. మరి ఎందుకు ఊరుకున్నావంటే, నొనాయే అమ్మకి చెప్తుందనుకున్నాడు. రోజూ సాయంత్రం ఇద్దరూ కాఫీ పెట్టుకుని గంటలు గంటలు కూర్చుంటారు, ఇవాళ చెప్తుంది, ఇవాళ చెప్తుంది అని చూశాడు. అడిగితే బిషప్‌గారు అనుమతి ఇస్తారనీ, ఇదివరకు ఇచ్చారనీ కూడా కనుక్కున్నాడు. కానీ అమ్మని ఏడిపించి పెళ్ళి చేసుకోడు.

"ఇంకెవరి నోటంటైనా వింటే అమ్మ తట్టుకోలేదు నొనా. నీ నోటంటే వింటే ఏమో. తిడుతుంది, రెండు పళ్ళేలు పగలగొడుతుంది," అన్నాడు.

దనాయి మాత్రం గుడ్డలు ఎత్తుకుని లేచింది. చెప్పకపోతే తను రేపు మధ్యాహ్నం పడవెక్కేస్తానంది. దొంగచాటుగా ఒక ఇంటి కోడల్ని కానంది. ఇంకోసారి మోసపోయే ఓపిక తనకి లేదని కూడా అంది. ఆ చివరి మాట స్టమాటిస్‌ని ఉద్దేశించి కాదని ముగ్గురికీ తెలుసు.

ఎవాంథియా తిరిగి వచ్చేసరికి పళ్ళెం తయారైపోయింది. కాల్లిరోయి చక్కెరపొడి పరిచి, మీద నూనెకాగితం వేసి అరచేత్తో నిమురుతోంది. నున్నగా వచ్చింది. దాని మీద బాదంపప్పులతో పోయినావిడ పేరు మొదటి అక్షరం పేర్చడం మొదలుపెట్టింది.

చెప్పింది ఎవాంథియా. కూర్చోకుండా, గుమ్మంలో నిలబడే చెప్పేసింది. తమ్ముడి పిల్ల సంగతి, నూనె సంగతి, నిన్న ఆడిన అబద్ధం సంగతి. చిన్నప్పుడు బడిలో అప్పజెప్పినట్టు ఒక్క బిగిన చెప్పి ఊరుకుంది. కాల్లిరోయి చేతిలో ఉన్న బాదంపప్పుని పెట్టాల్సిన చోట పెట్టింది. ఇంకోటి తీసుకుంది. అది పెట్టలేదు.

"ఎప్పుడు రాశావు ఆ పిల్లకి నూనె?"

"మన స్టమాటిస్ గోడ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడే, ఆ వసంతంలో."

"అంటే ఆ వేసవికి వచ్చేటప్పటికే రాసేశావు. వచ్చి ఈ బల్ల దగ్గరే కూర్చుని నేను కాల్చిన లదేనియా రొట్టె తిన్నావు. ఉల్లిపాయ ఇంకాస్త వెయ్యాల్సింది అన్నావు."

ఎవాంథియా ఔనంది. ఉల్లిపాయ మాట కూడా ఆవిడకి గుర్తుంది.

"ఆ వేసవి ఇంకేం జరిగిందో గుర్తుందా?"

గుర్తుంది. గుర్తులేకపోతే బాగుండేది. కాల్లిరోయి చెల్లెలు మరుసోకి ఆ ఏడే కూతురు పుట్టింది. అక్క చేతే నూనె రాయించాలని మరుసో పట్టుబట్టింది. కాల్లిరోయి అప్పటికే రొట్టెల బట్టీ వాళ్ళ పిల్లాడికి నొనా. ఒకే ఊరి పిల్లలు, రేపు పెద్దయ్యాక ఒకళ్ళనొకళ్ళు ఇష్టపడితే వాళ్ళ బతుకేం కావాలి అని తోడబుట్టినదాన్ని కాదంది. మరుసో ఏడ్చింది, తిట్టింది, ఆఖరికి మాట్లాడ్డం మానేసింది. ఆ తర్వాత మొగుడితో పిల్లతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతుంటే, కాల్లిరోయి రేవు దాకా పరిగెత్తింది. మరుసో ముఖం తిప్పుకుంది. ఇప్పటికీ ఫోన్ చేస్తే ఎత్తదు.

"అప్పుడు నేను ఇదే బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే," అంది కాల్లిరోయి, "నా వీపు నిమిరిందెవరు? నువ్వు చేసిందే సరైంది కుంబారా, నేనైనా అదే చేసేదాన్ని అంది ఎవరు?"

"నేనే."

"నేనైనా అదే చేసేదాన్ని అన్నావు. అప్పటికి ఆర్నెల్లు కాలేదు నువ్వు రాసి."

ఎవాంథియా అప్పుడు కూర్చుంది. ఆ రోజు నిజం చెప్పి ఉంటే కాల్లిరోయి తిట్టేది, తర్వాత ఆలోచించేది, బహుశా ఆప్రాన్ ముడి బిగించుకుని చెల్లెలింటికి వెళ్ళేది. పట్నం వాళ్ళు చేస్తుంటే నేనెందుకు చెయ్యను అని పిల్లని ఎత్తుకునేది. అక్కాచెల్లెళ్ళు ఇవాళ మాట్లాడుకుంటూ ఉండేవాళ్ళు. ఇదంతా ఎవాంథియాకి ఇప్పుడు తట్టింది కాదు. ఆ రోజే తట్టింది. తట్టినా నోరు మూసుకుంది, ఎందుకంటే ఇంకా నాలుగు రోజుల సెలవు మిగిలి ఉంది, సముద్రం చాలా బాగుంది.

క్షమించమని అడిగింది. నువ్వేం చెయ్యమంటే అది చేస్తానంది. కాల్లిరోయి ఏడవలేదు, పళ్ళేలూ పగలగొట్టలేదు. చేతిలో పప్పుని గిన్నెలో పడేసి ఎదురుగా కూర్చుంది.

"నూనె సంగతి నేను చూసుకుంటాను. సీరోస్ వెళ్ళి బిషప్‌గారి చెయ్యి ముద్దుపెట్టుకుని అడుగుతాను. ఆయన సరేనంటే పిల్లలకి నేను అడ్డురాను. పిల్ల బంగారం. దాని తప్పేముంది ఇందులో?" బల్ల మీద రాలిన చక్కెరపొడి తుడిచింది. "కానీ నువ్వు మాటిచ్చింది నాకొక్కదానికే కాదే. ఊరందరి ముందూ ఇచ్చావు. నేను ఆ మాట పట్టుకుని నా చెల్లెల్ని పోగొట్టుకుంది కూడా ఊరందరి ముందే. రేపు ఫాదర్‌గారు పేరు చదివేలోపు అందరి ముందూ నోరు విప్పి చెప్పు. నేను పళ్ళెం వెనక్కి పట్టుకొచ్చి కోళ్ళకి వేసేస్తాను, మనం మళ్ళీ కాఫీ తాగుదాం."

"చెప్పలేకపోతే?"

"చెప్పలేకపోతే చదువుతారు. నాకు ఎవాంథియా అని ఒక స్నేహితురాలుండేది. పోయింది. నాలుగు గింజలు పెట్టుకుని ఏడవనీ."

శనివారం పొద్దున ఎవాంథియా అందరికంటే ముందే చర్చికి చేరింది. చెప్పేద్దామనే వెళ్ళింది, ఆ సంగతిలో అనుమానం లేదు. దారంతా మాటలు కూర్చుకుంది. చిన్న మాటలే, రెండు ముక్కల్లో అయిపోతాయి. పూజ సాగుతుంటే స్తంభం పక్కన నిలబడింది. మేమంతా వచ్చాం. బట్టీ వాళ్ళావిడ వచ్చి ఎవాంథియాకి చోటిచ్చింది, తన మోకాలి నొప్పి మాత్రలు బాగా పనిచేశాయని చెవిలో చెప్పింది. బళ్ళో పాఠాలు చెప్పిన వెనిజెలో పక్కనుంచి చెయ్యి నొక్కింది. ఏటా ఈ వారం రోజులు మా ఊళ్ళో ఎవాంథియాకి జరిగే మర్యాద ఇంకెవరికీ జరగదు. ఎవరికి ఏ నొప్పి ఉన్నా ఆవిడ వచ్చేదాకా దాచుకుంటారు. పిరేయస్‌లో ఆవిడ మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలమ్మ. ఇక్కడ ఆవిడ మాటకి విలువుంది. మరో నిమిషంలో ఆ విలువ మంటగలిసిపోతుందని ఆవిడకి తెలుసు.

ఈ పాట అయ్యాక చెప్తాననుకుంది. పాట అయింది. ఫాదర్‌గారు ధూపం వేయడం పూర్తయ్యాక అనుకుంది. అదీ అయింది. చిన్న బల్ల మీద తెల్లటి పళ్ళెం, మధ్యలో కొవ్వొత్తి, చుట్టూ బాదంపప్పులు. కాల్లిరోయి బల్లకి అవతల నిలబడి ఎవాంథియా ముఖంలోకే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది. ఎవాంథియా నోరు తెరిచింది కూడా. తెరిచిన నోరు మూసుకుని కొవ్వొత్తి వైపు చూసింది. సిదెరిస్ ఫాదర్‌గారు కళ్ళద్దాలు సర్దుకుని, దేవుని దాసురాలు ఎవాంథియా ఆత్మకి శాంతి కలుగుగాక అని తన మామూలు ముక్కు గొంతుతో చదివేశారు. మేమంతా శిలువ గుర్తు వేసుకున్నాం. అదే పేరు గల మనిషి మా పక్కనే ఉంటే నవ్వు దాచుకున్నవాళ్ళం కూడా ఉన్నాం.

కాల్లిరోయి కళ్ళు దించుకుంది. అప్పుడు ఏడ్చింది. ముక్కూ ముఖం తెలియని పట్నపు మనిషి కోసం ఇంతలా ఏడవడమేమిటని వెనిజెలో గొణిగింది.

ఎవాంథియా తలుపు వైపు కదలబోయింది. అంతలో వెనక వరసలోంచి దనాయి వచ్చింది. నల్ల గౌను వేసుకుంది, అది కాల్లిరోయిది, భుజాల దగ్గర వదులుగా ఉంది. సూట్‌కేసు తలుపు పక్కన పెట్టి, నేరుగా నడిచి వెళ్ళి పళ్ళెం పక్కన నిలబడింది. పోయినవాళ్ళ తాలూకు మనుషులు నిలబడే చోటు అది. ఊళ్ళోవాళ్ళు వరసగా వెళ్ళి చెయ్యి కలిపి, దేవుడు ఆవిణ్ణి క్షమించుగాక, నువ్వు చల్లగా బతకాలమ్మా అని ఓదార్చి, గుప్పెడు గోధుమలు తీసుకుని బయటికి వెళ్ళాలి. అలాగే వెళ్ళాం. దనాయి ఒక్కొక్కరికీ తల వంచి, మీ దయ, మీ దయ అంటోంది. చెయ్యి కలిపిన వాళ్ళందరూ ఆ పిల్ల అరచెయ్యి మంచుగడ్డలా ఉందనే అన్నారు.

వరస ఎవాంథియాని కూడా తోసుకుపోయింది. మా చర్చికి తలుపు ఒక్కటే. ముందు బట్టీ వాళ్ళావిడ ఉంది, వెనక వెనిజెలో ఉంది, పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు. బట్టీ వాళ్ళావిడ ముక్కు చీదుకుంటూ, కన్నతల్లి కంటే ఎక్కువ కదమ్మా నొనా అని పిల్ల బుగ్గలు ముద్దుపెట్టుకుని కదిలింది. ఎవాంథియా వంతు వచ్చింది.

తను నూనె రాసిన పిల్ల ముందు, తన పేరు మొదటి అక్షరం పేర్చిన పళ్ళెం ముందు ఎవాంథియా చేతులు కట్టుకుని నిలబడింది. దనాయి చెయ్యి చాచింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వెనక వరస మొత్తం ఆగిపోయింది, కాల్లిరోయి బల్లకి అవతల తల ఎత్తింది. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచీ నువ్వు అనే తప్ప మీరు అనని మేనత్తని దనాయి పరాయి మనిషిని పలకరించినట్టు పలకరించింది. అందరికీ వినపడేలా అడిగింది.

"మీరు ఆవిడకి ఏమవుతారండీ?"